హైదరాబాద్ ఎఫ్‌సీ ఓటములకు కోచ్ ఒక్కరే బాధ్యులా?

సంపాదకుడు గారికి,

2024 డిసెంబరు మూడో వారంలో మీ క్రీడా పేజీలో ఓ మూలన నాలుగు లైన్ల వార్త వచ్చింది. మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ హెడ్ కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టోను క్లబ్ సాగనంపిందని, షమీల్ చెంబకత్ తాత్కాలికంగా బాధ్యతలు చూస్తారని. అదే వారం అశ్విన్ రిటైర్మెంట్‌కు బోలెడు చోటు ఇచ్చారు. అతను గొప్ప బౌలర్, ఇవ్వాల్సిందే. కానీ మన ఊరి పేరుతో ఆడే జట్టులో కోచ్ ఎందుకు పోయారో, ఆ తర్వాత ఏమిటో రాయడానికి ఇంకో పది లైన్లు దొరకలేదా?

ఆ రోజు నుంచి మా అభిమానుల మధ్య ఒకటే వాదన. ఒడిశా చేతిలో 6-0తో ఓడిన నాడే పంపించాల్సిందని కొందరంటారు. కోల్‌కతాలో మహమ్మదన్ స్పోర్టింగ్‌ను 4-0తో, కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించింది కూడా ఈయన జట్టే కదా, సీజన్ చివరిదాకా ఆగాల్సిందని ఇంకొందరు. పాత కోచ్ మనోలో మార్కెజ్‌ను వెనక్కి రప్పిస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లు మరికొందరు. గచ్చిబౌలి స్టేడియంలో పక్కపక్కన నిలబడి గొంతు చించుకున్నవాళ్లే ఇప్పుడు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఈ గొడవలో అసలు బాధ్యులను అడిగేవాళ్లే లేకుండా పోయారన్నది నా బాధ.

సింగ్టోను నేను వెనకేసుకు రావడం లేదు. రెండే గెలుపులు, ఏడు పాయింట్లు. ఆరు గోల్స్ ఇచ్చుకున్న ఆ డిఫెన్స్‌ను చూసి నాకూ కడుపు మండింది. కానీ ఆయన చేతికి జట్టును ఏ స్థితిలో ఇచ్చారో కూడా చూడాలి కదా.

2022 మార్చి 20ని ఎవరు మరిచిపోతారు? గోవాలోని ఫతోర్దాలో, కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్లో సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు మనదైంది. మరుసటి సీజన్‌లో పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాత మనోలో ఎఫ్‌సీ గోవా జట్టుకు వెళ్లిపోయారు, క్లబ్‌లో జీతాలు ఆగిపోయాయి. బకాయిల గొడవ ఫిఫా దాకా పోయి కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు, పేరున్న మన ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటే గెలుపు. ఎనిమిది పాయింట్లతో అట్టడుగున నిలిచాం. కప్పు గెలిచి అప్పటికి రెండేళ్లు.

ఆ సీజన్ అంతా కుర్రాళ్లను వెంటబెట్టుకుని మ్యాచ్ మ్యాచ్‌కీ మైదానంలోకి వచ్చింది ఇదే సింగ్టో. కప్పు గెలిచినప్పుడు మనోలో దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నదీ ఆయనే. 2024లో క్లబ్ యాజమాన్యం మారేసరికి సీజన్ నెత్తిమీదకు వచ్చేసింది. మిగతా జట్లు వారాల తరబడి కలిసి ప్రాక్టీస్ చేస్తుంటే మనవాళ్లు హడావిడిగా ఆటగాళ్లను పోగుచేసుకుని బరిలోకి దిగారు. ఇందులో కోచ్ తప్పు ఎంత? జీతాలు ఎగ్గొట్టినవాళ్ల మీద ఏ వేటూ పడలేదే!

మనోలో వస్తే చాలనే మిత్రులకు ఒకటి గుర్తుచేయాలి. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ కోసం భారత జట్టు కోచ్‌గా ఆయన ఇదే గచ్చిబౌలికి వచ్చారు. మారిషస్‌తో గోల్ లేకుండా డ్రా అయింది, సిరియా చేతిలో 3-0తో ఓడారు. ఆయన మంచి కోచ్ కాదని కాదు, ఎవరికైనా సమయం కావాలి. ఇక్కడ మొదటి సీజన్‌లో ఐదో స్థానంతో సరిపెట్టుకున్నా క్లబ్ ఆయన్ను నమ్మి కొనసాగించింది కాబట్టే మరుసటి ఏడాది కప్పు వచ్చింది. అంతకుముందు 2020 జనవరిలో 12 మ్యాచ్‌ల్లో ఒకటే గెలిచాడని అప్పటి కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తీసేశారు. అయినా ఆ సీజన్ చివరి స్థానంతోనే ముగిసింది.

కోచ్ విలువ ఏమిటో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1950 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చూసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి చేర్చిందీ, 1962లో క్యాన్సర్‌తో బాధపడుతూనే జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిపించిందీ ఆయనే. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆడింది ఆ జట్లలోనే. అలాంటి ఊళ్లో 2024 డిసెంబరులో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ జరిగింది, చివరి మ్యాచ్ గచ్చిబౌలిలోనే. ఆతిథ్యం మనది, చివరిదాకా ఆడింది మాత్రం వేరే రాష్ట్రాలవాళ్లు. తెలంగాణ జట్టు గ్రూప్ దశలోనే ఆగిపోయింది. మన అధికారులకు ప్రారంభోత్సవాల్లో, బహుమతుల వేదికల మీద ఉన్న ఉత్సాహం బస్తీ మైదానాల మీద లేదు. బడులకూ కాలేజీలకూ గ్రౌండ్ లేకపోయినా అడిగేవాడు లేడు. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి స్టేడియానికి, రాత్రి మ్యాచ్ అయ్యాక ఇంటికి ఎలా చేరతారని ఎవరైనా ఆలోచించారా? పైగా జనం రావడం లేదని మనల్నే అంటారు.

అందుకే తోటి అభిమానులను కోరేది ఒక్కటే. సింగ్టో మంచివాడా కాడా అనే గొడవ ఆపి, కొత్త యజమానులను నిలదీద్దాం. పాత బకాయిలు తీరాయా? తర్వాతి కోచ్‌ను ఎవరు ఎంపిక చేస్తారు, ఎన్నేళ్లకు తీసుకుంటారు? మన ఊరి పిల్లలకు జట్టులో చోటు దొరికేలా అకాడమీ నడుపుతారా? మేము అడిగితే ప్రకటనతో సరిపెడతారు. మీ విలేకరి అడిగితే జవాబు చెప్పక తప్పదు. సంక్రాంతి లోపు ఆ పని చేయించండి, మా వాళ్లందరం చదువుతాం.

– ఒక అభిమాని, సికింద్రాబాద్