రమణకి, బండి సంగతి

బెంగళూరు,
2025 అక్టోబర్ 12, ఆదివారం

ఒరేయ్ రమణా,

"ఏ బండి తీసుకుంటున్నావో ఒక్క ముక్కలో చెప్పి చావరా" అని ఫోన్ పెట్టేశావు. ఒక్క ముక్కలో తేలేదే అయితే ఆర్నెల్లుగా మా ఇంట్లో ఈ రభస ఎందుకు? పాప డ్రాయింగ్ క్లాసుకి పోయింది, హేమ కునుకు తీస్తోంది, బయట వాన. తీరిగ్గా రాస్తున్నా, నువ్వు షాపులో బేరం లేని టైం చూసుకుని చదువు.

మహీంద్రా థార్ పిచ్చి నాకు ఎక్కడ అంటుకుందో నీకు తెలుసు. ఇంటర్‌లో కమాండర్ జీపు వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ హార్స్‌లీ హిల్స్‌కి పోయేవాళ్లం కదా. లోపల పద్నాలుగు మంది, రెండు టమాటా గంపలు, ఎవరిదో మేక. ఘాట్ మలుపులో డ్రైవరు గేరు దించితే ఇంజను మూలిగే మూలుగు నా చెవుల్లో ఇంకా ఉంది. 2024 ఆగస్టులో థార్ రాక్స్ వచ్చినప్పుడు ఫోన్లో వీడియో చూస్తుంటే నాకు ఆ జీపే కనబడింది. పైగా ఐదు తలుపులు. ఇంట్లో చెప్పుకోవడానికి సాకు కూడా వాళ్లే ఇచ్చారు! ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగేది, కావాలంటే 2.2 లీటర్ల డీజిల్‌లోనే దొరుకుతుంది, కాబట్టి పెట్రోలా డీజిలా అనే చర్చే లేదు. మొన్న సెప్టెంబర్ 22న జీఎస్టీ మారి పెద్ద ఎస్‌యూవీలకి సెస్సు పోయి, మొత్తం 40 శాతం దగ్గర ఆగింది కదా, నేను చూసిన మోడల్ లక్ష పైచిలుకు తగ్గింది. దేవుడు కూడా నా వైపే ఉన్నాడనుకున్నా.

షోరూమ్‌కి అమ్మని కూడా తీసుకెళ్లా. అక్కడే తప్పు చేశా. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె మెట్టు ఎక్కేదే లెక్కపెట్టి ఎక్కుతుంది. తలుపు తీసి నిలబడి, ఒకసారి సీటు వైపు, ఒకసారి నా వైపు చూసింది. హ్యాండిల్ పట్టుకుని, "అమ్మా వెంకటరమణా" అనుకుంటూ ఎక్కింది. దిగేటప్పుడు చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. "బాగుంది నాయనా, లారీ మాదిరి బలంగా ఉంది" అంది. తిట్టినా బాగుండేది.

హేమ అయితే మాట్లాడకుండా నోట్‌బుక్ తీసింది. రెండు నెలలు మన పాత కారు ఎక్కడెక్కడ తిరిగిందో రాసిపెట్టింది రా, నాకు చెప్పకుండా! నెలకి 1,100 కిలోమీటర్లు. అందులో 800 మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ మధ్యే. మిగిలింది మదనపల్లె. "ఇందులో ఫోర్ బై ఫోర్ ఎక్కడ వేస్తావు?" అంది. 2022 సెప్టెంబర్ వానలకి ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది కదా, అప్పుడు పనికొచ్చేది అన్నా. "అప్పుడు మీ టెకీలందరూ ట్రాక్టర్లెక్కి ఆఫీసుకి పోయారు, ట్రాక్టరే కొనుక్కో" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ సిటీ నడకే డీజిల్‌కి గిట్టదు. ఇప్పటి బీఎస్6 (పొగ నిబంధన) డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసిని అది తనంతట తాను కాల్చుకోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే కాసేపు ఆగకుండా ఒకే ఊపులో పోవాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఒకే ఊపు ఎక్కడిది? మా ఆఫీసులో ఒకాయన డీజిల్ బండికి లైటు వెలిగినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే దేవనహళ్లి దాకా తిప్పుకొస్తాడు. కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్లినట్టు! నీ పాత బొలెరోకి ఈ బాధల్లేవు, దాని పొగంతా నేరుగా మన ఊపిరితిత్తుల్లోకే.

ఇక రెండో బండి, మహీంద్రాదే, పూర్తిగా కరెంటుది. ఎక్స్‌ఈవీ 9ఈ, 59 కిలోవాట్ అవర్ బ్యాటరీది. ఒక్క ఫుల్ చార్జికి కాగితం మీద 542 కిలోమీటర్లు. ఆ అంకెని నేను నమ్మలేదు, అందుకే ఆగస్టులో రెండ్రోజులు అద్దెకి తీసుకుని ఊరికొచ్చా. నువ్వా రోజు కడపలో ఉన్నావు, తప్పించుకున్నావు.

హోస్కోట, చింతామణి మీదుగా 130 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, 80-90 మధ్య పోతే బ్యాటరీలో 31 శాతం ఖర్చయింది. తిరుగు ప్రయాణంలో అదే దారికి, అదే స్పీడుకి 37. బండి చెడిందేమో అనుకున్నా. తర్వాత వెలిగింది, బెంగళూరు మన మదనపల్లె కంటే రెండొందల మీటర్లు ఎత్తున ఉంది కదా. ఇన్నేళ్లుగా పైకి పోతున్నానని డీజిల్ బండిలో ఎప్పుడూ తెలియలేదు. ఏనుగుమల్లమ్మ కొండకి, అదే మన హార్స్‌లీ హిల్స్‌కి, కూడా పోయాం. ఎక్కేటప్పుడు ఏడు శాతం తాగింది, దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండానే మోటారు బండిని పట్టుకుని మూడు శాతం వెనక్కిచ్చింది. కమాండర్ జీపు డ్రైవరు న్యూట్రల్‌లో దించి ఆదా చేసేవాడు, గుర్తుందా? వాడికి ఇది చూపించాలి. కానీ మూలుగు లేదు రా. మలుపులో కిటికీ దించితే చెట్ల గాలి శబ్దం తప్ప ఏమీ వినబడదు. పాప వెనక సీట్లో నిద్రపోయింది. జీపులో నువ్వు కక్కుకున్న మలుపు దగ్గరే.

అసలు కథ ఊళ్లో మా ఇంటి దగ్గర. రాత్రి చార్జింగ్‌కి ఏసీ కోసం పెట్టించిన 15 యాంప్స్ ప్లగ్‌లో పెట్టా. చార్జర్ మీద ఎర్ర లైటు. తీసి పెట్టా, మళ్లీ ఎర్ర లైటు. బండిలో 28 శాతం ఉంది, పొద్దున్నే బయల్దేరాలి. వచ్చే దారిలో ఒక చోట ఫాస్ట్ చార్జర్ ఉందని ఆప్‌లో చూపించింది గానీ, పోయి చూస్తే తెర నల్లగా ఉంది, అడుగుదామంటే మనిషి లేడు. మా నాయన బనీనుతో బయటికొచ్చి, కాసేపు చూసి, "ఎర్త్ ఎండిపోయింటుంది" అన్నాడు. ఇంటి వెనక జామచెట్టు కింద ఎర్త్ గుంత ఉంది కదా, దాంట్లో దోసెడు కల్లుప్పు వేసి రెండు బిందెల నీళ్లు పోశాడు. పది నిమిషాలకి పచ్చ లైటు! పాతిక లక్షల బండి, ఇన్ని సెన్సార్లు, ఇన్ని స్క్రీన్లు, చివరికి మా నాయన బిందె నీళ్లకి లొంగింది. తెల్లారేసరికి దగ్గర దగ్గర యాభై శాతం ఎక్కింది. నవ్వాలో, పోయి ఎర్తింగ్ కొత్తగా వేయించాలో తెలియలేదు. రెండూ చేయాలి.

ఖర్చు సంగతి ఎక్కువ రాయను, నీకు నిద్రొస్తుంది. డీజిల్ ఇక్కడ లీటరు 91 రూపాయలు, ట్రాఫిక్‌లో లీటరుకి పది కిలోమీటర్లే అనుకో, నెలకి పదివేలు. ఇంటి కరెంటు యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా పదిహేను వందలు దాటదు. బయట ఫాస్ట్ చార్జింగ్ అయితే యూనిట్ ఇరవై పైనే, అప్పుడు ఈ గొప్ప అంతగా ఉండదు. కొనే ధరలో తేడా కూడా ట్యాక్సులే మింగేస్తున్నాయి. కర్ణాటకలో డీజిల్ బండికి లైఫ్‌టైమ్ ట్యాక్స్ 17, 18 శాతం, దానిమీద సెస్సు. కరెంటు బండికి 25 లక్షలు దాటితేనే 10 శాతం, 2024లో పెట్టారు. నేను చూసింది 24.90. ఆ పది వేలు ఎందుకు తగ్గించారో ఇప్పుడర్థమైందా? రోడ్డు మీదికొచ్చేసరికి రెండు బండ్లూ ఇంచుమించు ఒకే చోట తేలాయి.

ఇంతా అయ్యాక అడ్డం పడింది మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్. నా పార్కింగ్ రెండో బేస్‌మెంట్‌లో. మీటింగ్‌లో ఒక పెద్దాయన ఫోన్లో స్కూటర్ తగలబడే వీడియో పెట్టి అందరికీ తిప్పాడు. ఇందులో ఉండేది ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ, మిగతా రకాల కంటే వేడికి బాగా ఓర్చుకుంటుంది అని నేను చెబుతుంటే, "మీరు ఇంజనీరా, సేల్స్‌మనా?" అన్నాడు. రెండు గంటల తర్వాత ఒప్పుకున్నారు. నా మీటర్ నుంచే లైను లాగాలి, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ఇనుప పైపులో కేబుల్, ఖర్చు నాదే. మీటర్ రూమ్ నుంచి నా స్లాట్‌కి 70 మీటర్లు. ఎలక్ట్రీషియన్ మొదట 6 స్క్వేర్ ఎంఎం వైరు చాలన్నాడు. 32 యాంప్స్ అంత దూరం రాత్రంతా లాగితే వోల్టేజీ పడిపోతుందిరా బాబూ అని కూర్చోబెట్టి లెక్క చూపిస్తే 10కి ఒప్పుకున్నాడు, బిల్లు కూడా ఆ మేరకు పెంచాడు. ఆ ప్లగ్ రాకపోయి ఉంటే, ఒట్టు, నేను డీజిలే కొనేవాణ్ణి. ఇంట్లో చార్జింగ్ లేకుండా కరెంటు బండి కొనేవాడు రోజూ హోటల్లో తినేవాడి లాంటోడు, డబ్బూ పోతుంది, వేళకీ దొరకదు.

అవున్రా, బుక్ చేసేశా. కరెంటు బండే. వంక లేదని కాదు. బ్యాటరీ నేల కింద ఉండేసరికి వెనక సీట్లో మోకాళ్లు కాస్త పైకొస్తాయి, నీలాంటి పొడుగోడికి చిరాకే. అమ్మ మాత్రం ఒక్క అడుగులో ఎక్కి, తలుపు తనే వేసుకుంది. మన తోట దారి బురదలో ఏం చేస్తావని నువ్వడిగే ముందే మా నాయన్ని అడిగా. "వానకాలం నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో నువ్వెన్నిసార్లు వచ్చినావు?" అన్నాడు. అక్కడితో ఫోర్ బై ఫోర్ చచ్చింది. మామిడికాయలకి నీ బొలెరో ఉంది, అద్దెకిస్తానంటే తన్నులే.

డెలివరీ నవంబర్‌లో అంటున్నారు. థార్ మీద మనసు పోయిందా అంటే, నిన్న సిగ్నల్ దగ్గర ఎర్రది ఒకటి పక్కన ఆగితే పాప "నాన్నా, నీ బండి" అంది.

మేం వచ్చే ముందు రోజు నీకు ఫోన్ చేస్తా. ఒకసారి ఇంటి వెనక్కి పోయి ఆ ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయించు. నేను చెబితే మా నాయన "తెలుసులే" అంటాడు, పోయడు.

నీ
సురేష్