ప్రెస్ నోట్ అచ్చేస్తే వార్త అయిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

రాజకీయ వార్తలో ఒక నాయకుడి పేరు తప్పు పడితే మర్నాడే సవరణ వేస్తారు. అదే పత్రికలో కార్లు, బైకుల పేజీలో అంకెలు తప్పు పడితే ఎవరూ పట్టించుకోరు. ఏళ్లు దాచుకున్న డబ్బుతో బండి కొనేవాళ్లు ఆ పేజీ చూసే నిర్ణయానికి వస్తారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈమధ్య ఒక ఎలక్ట్రిక్ కారు గురించి రాస్తూ బ్యాటరీ 60 కిలోవాట్లని వేశారు. కిలోవాట్ అనేది కరెంటు ఎంత జోరుగా అందుతోందో, ఖర్చవుతోందో చెప్పే కొలత. బ్యాటరీలో ఎంత నిల్వ ఉంటుందో చెప్పేది కిలోవాట్ అవర్. ఇది అచ్చుతప్పు కాదు, ఎందుకంటే వ్యాసమంతా అలాగే ఉంది. పైగా 'అరగంటలో ఫుల్ ఛార్జింగ్' అని హెడ్డింగ్. కంపెనీలు సాధారణంగా చెప్పే ఫాస్ట్ ఛార్జింగ్ సమయం 10 శాతం నుంచి 80 శాతం వరకే. 80 దాటాక బ్యాటరీ దెబ్బతినకుండా ఛార్జింగ్ వేగం బాగా తగ్గిస్తారు. ఆ షరతు తీసేసి రాస్తే, ప్రయాణం మధ్యలో ఛార్జింగ్ స్టేషన్ దగ్గర టెన్షన్ పడేది పాఠకుడే.

మైలేజీ సంగతీ అంతే. విదేశీ వ్యాసాల్లోని 'గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు' అనే అంకెను లీటర్లలోకి మార్చేటప్పుడు అది అమెరికా గ్యాలనా, బ్రిటిష్ గ్యాలనా అని చూడటం లేదు. మొదటిది 3.785 లీటర్లు, రెండోది 4.546 లీటర్లు. అమెరికా లెక్కన గ్యాలన్‌కు 40 మైళ్లంటే లీటరుకు 17 కిలోమీటర్లు, బ్రిటిష్ లెక్కన 14 పైచిలుకు. రేంజ్, అంటే ఒకసారి ఛార్జ్ చేస్తే బండి వెళ్లే దూరం, ఏ పరీక్ష పద్ధతిలో వచ్చిందో చెప్పకుండా రెండు కార్లను పోల్చడం ఇంకో పొరపాటు. యూరప్‌లో ఎన్‌ఈడీసీ అనే పాత పరీక్ష స్థానంలో 2017 నుంచి కొత్త మోడళ్లకు డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్ష వచ్చింది. పాత పరీక్ష దాదాపు 20 నిమిషాలు, కొత్తది 30 నిమిషాలు, వేగాలూ ఎక్కువ. ఈ రెండింటి అంకెలను పక్కపక్కన పెట్టి గెలుపోటములు తేల్చకూడదు.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. నాకు ఎక్కువ బాధ కలిగించేది భద్రత గురించిన రాతలు. 'ఫైవ్ స్టార్ కారు' అని వేస్తారు. ఏ వేరియంట్‌కు, ఏ సంవత్సరపు నిబంధనల కింద అన్నది ఉండదు. ఫియట్ పుంటోకు, కార్లను ఢీకొట్టించి భద్రత పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2005లో పెద్దల రక్షణకు ఐదు స్టార్లు ఇచ్చింది, 2017లో మళ్లీ పరీక్షిస్తే ఒక్క స్టారూ రాలేదు. మధ్యలో నిబంధనలు అంతగా బిగిశాయి. అందుకే సంవత్సరం చెప్పని రేటింగ్‌తో పాఠకుడికి ఉపయోగం లేదు. ఏబీఎస్ అనే బ్రేకు వ్యవస్థ ఉంటే బండి ఎక్కడైనా తక్కువ దూరంలో ఆగుతుందని కూడా రాశారు. దాని ముఖ్యమైన పని, బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగ్ మాట వినేలా చూడటం. వదులు కంకర మీద ఆగే దూరం పెరగవచ్చు కూడా. ఆ వాక్యం నమ్మినవాడు ముందు బండికి మరీ దగ్గరగా నడిపితే బాధ్యత ఎవరిది?

ఫోర్డ్ కారును కనిపెట్టాడన్న మాట కూడా తరచూ కనిపిస్తుంది. కార్ల్ బెంజ్ పేటెంట్ 1886 నాటిది, ఫోర్డ్ కంపెనీ పుట్టింది 1903లో.

ఈ తప్పులన్నిటికీ మూలం ఒకటేనని నా నమ్మకం. కంపెనీ ప్రెస్ నోట్ పంపుతుంది, సొంత ఖర్చుతో విలేకరిని పిలిచి బండి నడిపిస్తుంది, అందరూ ఒకే రోజు రాస్తారు. సరిచూసే టైమే ఉండదు. ఒక చోట పడ్డ తప్పును చూసి ఇంకొకరు రాస్తారు. పరీక్షలో మాత్రమే కాలుష్యం తక్కువగా కనిపించేలా ఫోక్స్‌వాగన్ చేసిన డీజిల్ మోసం 2015లో బయటపడటానికి ముందు ఆ కార్లను 'క్లీన్ డీజిల్' అని ఎంతమంది మెచ్చుకున్నారో గుర్తుచేసుకోండి. వాటిని రోడ్డు మీద కొలిచి తేడా పట్టింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు. ప్రతి పత్రికా ప్రయోగశాల పెట్టాలని నేనడగను. పరీక్షించని అంకెను 'కంపెనీ చెబుతున్నది' అని రాయడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు కదా.

వాహనాల పేజీని అచ్చుకు ముందు, ఆ బండి విడుదలకు వెళ్లని ఇంకొకరితో చదివించండి. ప్రయాణం, బస ఖర్చు ఎవరు పెట్టారో వ్యాసం కిందే చెప్పండి. తప్పు తేలితే సవరణ అదే పేజీలో వేయండి, నెట్ ఎడిషన్‌లో అంకె మార్చినప్పుడు ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో పాఠకులకు కనిపించేలా రాయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు