సున్నా గీత వెనక సంగతి

బెంగళూరు, మారతహళ్లి

ప్రియ మిత్రమా,

మా డేటాబేస్ పర్యవేక్షణ ఎందుకు మూగబోయిందని ఫోన్‌లో అడిగావు. అవుటర్ రింగ్ రోడ్డు రొదలో క్యాబ్‌లోంచి అరిచి చెప్పే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 12వ వెర్షన్‌లోని డేటాను డంప్ తీసి (ఫైలుగా రాసుకుని) 16లోకి ఎక్కించిన తర్వాత, కొలతలను గ్రాఫులుగా చూపే గ్రఫానాలో క్వెరీల (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల) సమయం చూపే గ్రాఫు సున్నాకు అతుక్కుపోయింది. మా మేనేజర్ గారు అది కొత్త వెర్షన్ మహిమ అనుకుని మురిసిపోయారు. ఎవరో పుణ్యాత్ములు ఆ ప్యానెల్ చివర ‘ఆర్ వెక్టర్(0)’ తగిలించి ఉంచారు. డేటా రానప్పుడు ఖాళీగా ఉండవలసిన చోట అది సున్నా వేసిపెడుతుంది. దాన్ని తీసేయగానే ‘నో డేటా’ అని అసలు రంగు బయటపడింది. నన్నడిగితే, చెడిపోయిన భాగాలన్నిటికన్నా ఆ సోకే మా కొంప ముంచింది.

డేటాబేస్ నుంచి అంకెలు సేకరించి అందించే ఎక్స్‌పోర్టర్ లాగులో మొదట కనిపించినది ‘టోటల్_టైమ్ అనే కాలమ్ లేదు’ అన్న ఎర్రర్. క్వెరీల లెక్కలు దాచే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లో ఆ కాలమ్ పేరు 13వ వెర్షన్ నుంచే టోటల్_ఎగ్జెక్_టైమ్‌గా మారింది. అది సరిచేస్తే మరొకటి పైకి తేలింది: డంపుతో ఎక్స్‌టెన్షన్ వచ్చింది గానీ, దాన్ని షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో (సర్వర్ మొదలయ్యేటప్పుడే ఎక్కించవలసిన వాటి జాబితాలో) చేర్చిన పాత కాన్ఫిగరేషన్ ఫైలు రాలేదు. ఆ మార్పుకు రీస్టార్ట్ తప్పదు కనుక ఆర్డర్లు పలచబడే అర్ధరాత్రి దాకా కాచుకుని కూర్చున్నాం. ఆ తర్వాత అంకెలైతే వచ్చాయి గానీ క్వెరీ ఉండవలసిన చోటల్లా ‘ఇన్‌సఫిషియెంట్ ప్రివిలేజ్’ (హక్కు చాలదు) అని కనిపించింది. ఒక్క డేటాబేస్‌ను డంప్ తీస్తే రోల్స్ (లాగిన్లు, వాటి హక్కులు) రావు. చేత్తో సృష్టించిన కొత్త లాగిన్‌కు గణాంకాలు చదివే హక్కునిచ్చే పీజీ_మానిటర్ రోల్ ఇవ్వడం ఎవరికీ తట్టలేదు. అది ఇచ్చాక గానీ పని పూర్తి కాలేదు.

అలర్ట్ ఎందుకు మోగలేదంటావేమో. పరిమితి దాటితే మోగమని రాసిన నియమానికి పోల్చడానికి అంకే లేకపోతే, అంకెలను దాచి అలర్ట్ నియమాలను పరిశీలించే ప్రొమిథియస్ నోరు మెదపదు. అందుకని ‘ఆబ్సెంట్’తో, అంకెలు రావడం ఆగిపోతే మోగే నియమం వేరుగా పెట్టాను.

గ్రాఫు కోలుకోగానే, విడిగా చూస్తే రెండు మిల్లీసెకన్లు కూడా పట్టని ఒక క్వెరీ మొత్తం సమయంలో అగ్రస్థానాన కూర్చుని కనిపించింది. ప్రతి పేజీకీ పదేపదే పిలుస్తున్నారు దాన్ని! ఒక్కసారికే ఎక్కువసేపు పట్టిన వాటిని మాత్రమే రాసే నిదానపు క్వెరీల లాగులో అది ఏనాటికీ దొరికేది కాదు.

మీరు పోస్ట్‌గ్రెస్ 17కు మారే ఆలోచనలో ఉన్నారు కదా, అందులో చెక్‌పాయింట్ల (మెమరీలోని మార్పులను డిస్కుకు రాసే పని) లెక్కలు పీజీ_స్టాట్_బీజీరైటర్ అనే గణాంకాల పట్టిక నుంచి పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్‌కు తరలిపోయాయి. మీ ప్యానెళ్లను ముందే చూసుకో.

ఇట్లు,
నీ మిత్రుడు