వేట నిషేధం తేదీలు చేప ఒంటిని చూసి పెట్టాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్ అని ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది, కట్టేసిన బోట్ల ఫొటో, భృతి ఎప్పుడు పడుతుందన్న వార్త, అంతటితో సరి. చేపలు జన మీదుండే, అంటే కడుపులో గుడ్లతో ఉండే టైం కాబట్టి ఆపుతున్నాం అంటారు. అన్ని చేపలూ ఇప్పటికీ ఆ టైంకే జన మీద ఉంటున్నాయా అని మాత్రం ఎవరూ అడగట్లేదు, అందుకే రాస్తున్నా.

సముద్రం వేడెక్కుతోంది కదా, చేపకేమో మనలా సొంత ఒంటివేడి ఉండదు, నీళ్ళెంత వేడో దాని ఒళ్ళూ దాదాపు అంతే. నీళ్ళు వేడెక్కితే మొప్పలు గబగబా ఆడతాయి, గుండె వేగం పెరుగుతుంది, ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కానీ వేడి నీళ్ళల్లో అదే తక్కువ కరుగుతుంది, లీటర్ సముద్రపు నీళ్ళల్లో 20 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాముల పైన ఉంటే 30 దగ్గరికొచ్చేసరికి 6 చిల్లరే. మామూలు చేప లోతుకో చల్లటి చోటుకో పోయి ఎలాగో నెట్టుకొస్తుంది. జనతో నిండిన ఆడచేపకి ఆ వెసులుబాటు తక్కువ, తనకీ కడుపులో జనకీ కలిపి ఊపిరి కావాలి కదా, అందుకే మామూలప్పుడు ఓర్చుకునే వేడిని కూడా అప్పుడు ఓర్చుకోలేదు.

ఇక ఆమ్లత సంగతి. సముద్రం యాసిడ్ అయిపోతోందని రాస్తే జనం బెదిరిపోతారు గానీ అది నిజం కాదు, మన పొగలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రపు నీళ్ళ పీహెచ్ (ఆమ్లతని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 8.2 నుంచి 8.1 దగ్గరికి వచ్చింది, చిన్న తేడాలా కనిపించినా లెక్క ప్రకారం ఆమ్లత పావు వంతు పైగా పెరిగినట్టే. పెద్ద చేప మొప్పల్లోంచి ఆమ్లాన్ని బయటికి పంపి రక్తాన్ని సరిచేసుకుంటుంది, దానికి శక్తి ఖర్చవుతుంది, సరే. మరి గుడ్డుకి మొప్పలే లేవు కదా! చేపపిల్ల చెవిలో బ్యాలెన్స్ కోసం చిన్న రాయి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న నీళ్ళల్లో అది మామూలుకన్నా పెద్దదవుతోందని 2009లో అమెరికా ల్యాబ్‌లో చూశారు. అంటే దెబ్బ ముందు తగిలేది గుడ్డుకీ పిల్లకీ జనతో ఉన్న తల్లికీ.

చెన్నై దగ్గర సీఎంఎఫ్ఆర్ఐ (సముద్రపు చేపల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) సైంటిస్టులు పింక్ పెర్చ్ అని అమ్మే గులాబి రంగు చేపని ఏళ్ళ తరబడి గమనించారు. 1980లో జన మీదున్న చేపల్లో 35 శాతం దాకా ఏప్రిల్–సెప్టెంబర్ వేడి నెలల్లో దొరికేవి, 2004కి అది 5 శాతానికి పడిపోయింది, మిగతావన్నీ అక్టోబర్–మార్చి చల్లటి నెలల్లోనే. మరి ఆ చేపకి మన ఎండాకాలం నిషేధం ఏం కాపాడుతున్నట్టు?

నిషేధం ఎత్తేయమని నేననట్లేదు, మిగతా చేపలకి అది పనికొస్తుండొచ్చు. విశాఖలో కూడా సీఎంఎఫ్ఆర్ఐ సెంటర్ ఉంది, మన హార్బర్లలో దిగే ఒక్కో రకం చేపలో ఏ నెల ఎన్నిటికి జన ఉందో లెక్క తీసి తెలుగులో పెట్టమనండి, దాన్ని చూసి తేదీలు తేల్చమనండి. హార్బర్ దగ్గర చేపలు కోసే అక్కల్ని కూడా అడగాలి, రోజూ పొట్ట చీల్చి చూసేది వాళ్ళే.

ఇట్లు,
ఒక పాఠకుడు, భీమిలి