పై సగం సలహా, కింది సగం ప్రకటన

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కుర్రకారు సుఖవ్యాధుల భయంతో కుంగిపోతున్నారనీ, అపోహలు వదులుకోవాలనీ రాశారు. సంతోషం. అదే పేజీ కింది మూల మీరు చూశారో లేదో, ‘గుప్త రోగాలకు గ్యారంటీ చికిత్స’ అని అరచేతంత ప్రకటన ఉంది. భయపడొద్దని చెప్పేదీ మీరే, ఆ భయంతో బతికేవాడికి చోటు అమ్మేదీ మీరేనా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ హెచ్ఐవీ టెన్షన్‌తో వచ్చేవాణ్ణి మెట్టెక్కక ముందే పోల్చుకుంటాను. మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఓ వార నిలబడి ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద అక్షరాలు చదువుతుంటాడు. మొన్న అలాగే నిలబడ్డ కుర్రాడు, షాపు ఖాళీ అవగానే “బాబాయ్, ఒక్కసారి నా నాలిక చూడవా, తెల్లగా లేదూ?” అన్నాడు. వాడి ఫోన్లో రోజుకొకటి చొప్పున నాలిక ఫొటోలే. మాట్లాడుతూనే మెడకింద బిళ్లలు కట్టాయేమోనని తడుముకుంటున్నాడు. ఇవన్నీ హెచ్ఐవీ గుర్తులేమోనని వాడి భయం.

వాడు చేసిందల్లా సూరత్‌లో పనిచేస్తుండగా ఒకమ్మాయిని ముద్దు పెట్టుకోవడం. అంతకు మించి ఏమీ లేదని వాళ్లమ్మ మీద ఒట్టేశాడు. ఆ ఒక్క ముద్దుకి పాలిథిన్ సంచిలో ఐదు హెచ్ఐవీ రిపోర్టులు, ఐదింటి మీదా నాన్ రియాక్టివ్ అనే, అంటే లేదనే ఉంది. ల్యాబువాడు ‘ఆరు నెలలకు మళ్లీ రా’ అన్నాడట, పైగా రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష కూడా అంటగట్టాడు. అదీ ఇక్కడ కాదు. ఇక్కడ రక్తం తీసే మనిషి వాడికి మేనమామ వరస. అందుకని పాతపట్నం దాటి శ్రీకాకుళం పోయి తీయించుకున్నాడు.

ముద్దుకీ, ఎంగిలి గ్లాసుకీ, దోమకాటుకీ హెచ్ఐవీ రాదు. అవతలివాళ్ల నోట్లో పుండు ఉంటే హెర్పిస్, సిఫిలిస్ సంగతి వేరు, అవి డాక్టరుకి చూపించుకోవాలి. సిఫిలిస్‌కి పెన్సిలిన్ సూది ఎప్పటినుంచో ఉంది. నిజంగానే హెచ్ఐవీ అనుమానం ఉంటే, వైరస్ ముక్కనీ, దానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలనీ రెండింటినీ పట్టే నాలుగో తరం రక్తపరీక్ష ఆ సంగతి జరిగిన 45 రోజులు దాటాక, మామూలు ర్యాపిడ్ పరీక్ష 90 రోజులు దాటాక లేదని చెబితే లేనట్టే. ఈ రెండు ముక్కలూ ల్యాబు గోడమీద రాసిపెడితే ఎవరి సొమ్ము పోయింది? పోతుంది లెండి, ల్యాబువాడిదే పోతుంది.

సర్కారు ఆసుపత్రుల్లో ఐసీటీసీ అని హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే ఒక గది ఉంటుంది, పరీక్షకీ కౌన్సెలింగ్‌కీ పైసా అక్కర్లేదు. మా వైపు ఒక ఆసుపత్రిలో ఆ గదిని సరిగ్గా ఓపీ చీటీల లైను ఎదురుగా పెట్టి, తలుపు మీద ఎర్ర రంగుతో బోర్డు రాయించారు. ఆ తలుపు తీసినవాడి పేరు సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. పరీక్ష సంగతి గుట్టుగా ఉంచాలని 2017లో హెచ్ఐవీ చట్టమే చేశారు కదా, బోర్డు రాయించినాయనకు దాని సంగతి ఎవరు చెప్పాలి? లోపల పోస్టర్లు ఒడియాలో, హిందీలో ఉన్నాయి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో నాలుగు తెలుగు వాక్యాలు అతికించేవాడు దొరకలేదు కాబోలు! డిసెంబర్ 1, ఎయిడ్స్ దినం వస్తే మాత్రం బడిపిల్లలకు ఎర్ర రిబ్బన్లు గుచ్చి ఎండలో నడిపిస్తారు. అధికారుల ఫొటో మర్నాడు మీ పత్రికలోనే వస్తుంది. పేర్లు కూడా వరసగా వేస్తారు.

నాకు ఎక్కువ కడుపు మండేది ఇంకో సంగతికి. నిజంగా ప్రమాదంలో పడ్డవాడికి 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ రాకుండా అడ్డుకునే మందు ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. అది ఉందని తెలిసి నా షాపు మెట్టెక్కినవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు. ఏ ప్రమాదమూ లేనివాడు ఐదు పరీక్షలు చేయించుకుంటాడు, ఉన్నవాడు నెలరోజులు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటాడు. హెచ్ఐవీ సలహాల సర్కారు నంబరు 1097కి ఫోన్ చేస్తే డబ్బులు కూడా పడవు. ఆ నంబరు మీ వార్తలో ఎక్కడా లేదు. ప్రకటనలో వైద్యుడిగారి సెల్ నంబర్లు మాత్రం రెండున్నాయి, లావు అక్షరాల్లో.

కుర్రాడికి మందేమీ ఇవ్వలేదు. నాలిక మీది తెలుపు నాకూ ఉందని నోరు తెరిచి చూపించాను. నమ్మాడో లేదో తెలీదు. ఆరో పరీక్షకు పోడనే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం వేస్తే వేయండి, ఆ ప్రకటన పక్కన మాత్రం వేయకండి.

– మందుల షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా