సంగీతం మూడే రకాలని పిల్లలకు చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో స్టూడెంట్స్ కోసం వేసే పేజీలో మొన్న సంగీతం మీద పాఠం ఇచ్చారు. సంగీతం మూడు రకాలు, కర్ణాటక, హిందుస్తానీ, వెస్టర్న్, మిగతాదంతా జానపదం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను మలక్‌పేటలో పిల్లలకు గాత్రం నేర్పుతాను, కర్ణాటకం అంటే నాకు ప్రాణం, అయినా ఆ లెక్క చూసి చాలా బాధేసింది, ఎందుకంటే ఆ లెక్కలో బోనాలప్పుడు మన గల్లీ గల్లీలో మోగే డప్పుకి తనదంటూ చోటు లేదు, మన సిటీలోని బార్కస్ పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా మేళానికి లేదు, ఇంక ఇండోనేషియాలోని జావా, ఆఫ్రికాలోని జింబాబ్వే లాంటి చోట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఏ దేశం సంగీతమైనా వినడానికి పనికొచ్చే బేసిక్ సంగతులు కొన్ని ఉన్నాయి, అవి చెప్తే చాలు, పిల్లలే మిగతాది పట్టుకుంటారు. వాయిద్యం చూడగానే ఇందులో అదిరి మోగేది ఏది అని అడగమనండి, తీగా, తోలా, లోపలి గాలా, లేకపోతే ఆ వస్తువు మొత్తమా. మన నాట్యశాస్త్రంలో తత, అవనద్ధ, సుషిర, ఘన అని చెప్పింది ఇదే, 1914లో హార్న్‌బోస్టెల్, కుర్ట్ జాక్స్ అనే ఇద్దరు పండితులు ప్రపంచ వాయిద్యాలన్నిటికీ వేసిన వర్గీకరణ కూడా ఈ నాలుగింటి మీదే ఉంది. అప్పుడు 2022లో పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్య గారి కిన్నెర, కచేరీలో వీణ ఒకే తీగల వరసలో కూర్చుంటాయి, చిడతలూ జావా కంచు వాయిద్యాలూ వస్తువు మొత్తం మోగే ఇంకో వరసలో.

డప్పు వాయించేవాళ్ళని ఒకసారి దగ్గర్నుంచి చూడండి సార్. మొదలుపెట్టే ముందు ఇంత గడ్డో కాగితాలో పోగేసి మంట పెడతారు, తోలు కాగబెడతారు, వేళ్ళతో తట్టి చూస్తారు, చాల్లేదనిపిస్తే మళ్ళీ మంట మీదికి పడతారు. వేడికి తోలు బిగుసుకుని శ్రుతి పెరుగుతది, దెబ్బ ఖణీమని వస్తది. అది శ్రుతి చేసుకోవడమే, మృదంగం ఆయన రాయితో అంచు కొట్టి సరిచేసుకుంటే చేతులు కట్టుకుని చూస్తాం కదా, ఇదీ అదే పని. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల, రెండింటి ధ్వనీ వేరు వేరు, ఆ తేడాతోనే దరువు నడుస్తది. దీన్ని పట్టుకుని మిగతాది అనే గంపలో వేస్తే ఎట్లా?

శ్రుతి సంగతి ఇంకొంచెం చెప్పాలి, మనవాళ్ళు తొందరపడేది అక్కడే. అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన 1885లో ఒక స్థాయిని, అంటే కింది స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, సెంట్లు అనే 1200 చిన్న భాగాలు చేసి ఎన్నో దేశాల వాయిద్యాలను కొలిచాడు, చివరికి ప్రకృతి ఇచ్చిన ఒకే ఒక్క స్వరక్రమం అంటూ ఏదీ లేదని తేల్చాడు. జావాలో స్లెండ్రో అనే స్వరక్రమం ఉంటది, స్థాయిని దాదాపు సమానంగా ఐదు మెట్లు చేస్తారు, మన స స్థానాన్ని సరిపెట్టుకుని విన్నా మిగతా స్వరాలు మన మెట్ల మీద పడవు. బాలిలో అయితే జంట వాయిద్యాలు చేసేటప్పుడు ఒకదాన్ని కావాలనే కొంచెం పైకి ఉంచుతారు, రెండూ కలిపి కొడితే నాదం అలలు అలలుగా ఊగుతది. మన చెవికి అది అపశ్రుతి, వాళ్ళకి ఆ ఊపు లేకపోతే వాయిద్యంలో జీవమే లేనట్టు. వేళ్ళతో ఇనప రేకులు మీటి వాయించే జింబాబ్వే ఎంబిరాకి గవ్వలో సీసా మూతలో తగిలించి బుర్రుమనే చప్పుడు కావాలని తెప్పిస్తారు, మరి మనం తంబురా తీగెల కింద నూలు పోగు సర్దేది కూడా ఆ జుమ్మనే నాదం కోసమే కదా.

తాళం, గొంతులూ వాయిద్యాలూ కలిసి నడిచే అల్లిక కూడా అంతే. మిశ్రచాపు తకిట తకధిమి అని వేసే పిల్లకి బల్గేరియా వాళ్ళ రాచెనిట్సా అనే నాట్యంలో 2, 2, 3గా వచ్చే ఏడు దెబ్బలు పెద్ద కష్టం కాదు. గాయకుడి వెనకాలే అదే పాటను కాస్త తేడాగా వయొలిన్ నడిపించడం ఒక రకం అల్లిక, జార్జియా దేశపు పల్లెల్లో మూడు గొంతులు మూడు దారుల్లో వెళ్ళి కలుసుకోవడం ఇంకో రకం.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. పాతబస్తీలో అజాన్ వింటే నా చెవికి స్వరాలు వినిపిస్తాయి, కానీ ఆ పిలుపు ఇచ్చేవాళ్ళు దాన్ని సంగీతం అనరు, ఖురాన్ పఠనాన్నీ అనరు. ఏది సంగీతం ఏది కాదు అనేది ఆ మనుషుల్ని అడిగి తెలుసుకోవాలి, బయట నిలబడి మనం రాసేస్తే కుదరదు. ఈ చదువులో మొదటి అడుగు అదే.

కాబట్టి నా విన్నపం ఏంటంటే ఆ పాఠానికి సవరణ వేయండి, తర్వాత వారానికి ఒక వాయిద్యం చొప్పున అదే పేజీలో చిన్న కాలమ్ ఇవ్వండి. మర్ఫాతో మొదలుపెట్టండి, నిజాం సైన్యంలోకి వచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీల నుంచి మన సిటీకి దక్కిన సంగీతం అది, వాయించేవాళ్ళు ఇక్కడే ఉన్నారు, మీ రిపోర్టర్‌ను పంపి వాళ్ళ మాటల్లోనే రాయించండి. నాకు చేతనైన సాయం నేను చేస్తాను, డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
ఒక సంగీతం టీచర్,
మలక్‌పేట, హైదరాబాద్