చేపకి క్యాన్సరేంట్రా అన్నావుగా

ఒరేయ్ ప్రసాదూ,

ఏ రసాయనం క్యాన్సర్ తెస్తుందో ఎలుకల బదులు చేపల మీద చూడొచ్చు అంటే ఫోన్లో ఒకటే నవ్వావు, చేపకీ మనిషికీ పోలికేంట్రా అని. ఉందిరా, లివర్ దగ్గర ఉంది. 1960లో అమెరికాలో చేపపిల్లల్ని పెంచే హేచరీల్లో రెయిన్‌బో ట్రౌట్ చేపలకి కుప్పలుతెప్పలుగా లివర్ క్యాన్సర్ వచ్చింది. ఆరా తీస్తే మేతలోని పత్తిచెక్కకి బూజు, అందులో అఫ్లటాక్సిన్ అనే విషం. మీ అనంతపురం చెనక్కాయలకి పట్టే బూజులోనూ ఉండేది అదే. మనిషి లివర్‌నీ వదలదు. ఆ చెక్క గేదె తింటే పాలల్లోకీ దిగుతుంది, చూసుకో.

1965లో స్టాంటన్ అనే శాస్త్రవేత్త డైఇథైల్‌నైట్రోసమీన్ అనే రసాయనంతో జీబ్రా చేపల లివర్లో గడ్డలు తెప్పించాడు. తర్వాత ఈ పరీక్షల్లోకి గప్పీలనే చిన్న చేపలు, జపాన్ వరిమళ్లలో ఉండే మెడాకా చేపలు వచ్చాయి. మెడాకా అంటే నాకు భలే ముచ్చట. మూడు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి చేప మొత్తాన్నీ నిలువునా పలచగా కోసి ఒకే మైక్రోస్కోప్ స్లైడు మీద పెట్టేయొచ్చు. లివరు, కిడ్నీ, పేగు అన్నీ ఒక్కచోటే కనబడతాయి.

కానీ అసలు లాభం లెక్కలో ఉంది. ఎలుకల పరీక్షకి రెండేళ్లు పడుతుంది, ఒక్కో మోతాదుకి మగవి 50, ఆడవి 50. యాభైలో ఒక్కదానికి గడ్డ వచ్చినా అది రెండు శాతం. మనకి కావాల్సింది వెయ్యిలో ఒకరికి, లక్షలో ఒకరికి వచ్చే ముప్పు సంగతి. అది అందక పెద్ద మోతాదులిచ్చి, అక్కణ్ణుంచి కిందికి గీత గీసి అంచనా కడతారు. 1970ల్లో 24 వేలకు పైగా చుంచెలుకలతో చేస్తే నూటికి ఒకటికి వచ్చే ముప్పు దాకా దిగగలిగారు. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఏకంగా 40,800 ట్రౌట్ పిల్లలకి డైబెంజోపైరీన్ అనే క్యాన్సర్ రసాయనం కలిపిన మేత పెట్టారు, వెయ్యికి ఒకటి చూద్దామని. అన్ని ఎలుకల్ని ఎవడు మేపుతాడు చెప్పు! 2009లో ఫలితం అచ్చయింది. చిన్న మోతాదుల దగ్గర లివర్ గడ్డలు ఆ గీత చెప్పినదానికంటే బాగా తక్కువ. అలాగని కొంచెం అయితే ఏమీ కాదని కంపెనీలు చంకలు గుద్దుకుంటే నేనొప్పుకోను. అది ఒక్క రసాయనం, ఒక్క జాతి చేప.

చేపకి రొమ్ము లేదు, ఊపిరితిత్తులు లేవు, ఆ క్యాన్సర్ల గురించి దాన్నేం అడుగుతాం? నీళ్లలో కరగని రసాయనమైతే ఇంకో తంటా. ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చిన మూడు రసాయనాల్ని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం గప్పీల మీదా మెడాకాల మీదా చూసింది. ట్రైక్లోరోప్రొపేన్ రెండిట్లోనూ స్పష్టంగా గడ్డలు తెచ్చింది, మిగతా రెండూ అంత గట్టిగా తేల్లేదు. అందుకే నా ఓటు చేపలకే గానీ, ఎలుకల బోన్లు ఇప్పుడే అమ్మేయమనను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఈసారి నవ్వడానికి కాదు, పోట్లాడ్డానికి ఫోన్ చెయ్యి.

నీ
శీను